లచ్చి పప్పన్నం

పక్క పాలెగాణ్ణి లొంగదీసి వచ్చిన మర్నాడు నీలగుండం రాజు జయమల్లుడికి కాలు నేల మీద నిలవలేదు. కొలువుకూటంలో మీసం దువ్వుతూ ఒక ప్రశ్న వేశాడు.

"ఈ సీమలో నా మాట వినని వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారా?"

"లేరు ప్రభూ, లేరు!" అంది సభ. ఒక్క మూల నుంచి మాత్రం గురక వినిపించింది.

ఆ గురక ఓబన్నది. రాజుకు సలహాలు చెప్పే కొలువు అతనిది. తనంత తెలివైనవాడు లేడని ఒకప్పుడు అనుకునేవాడు. కూతురికి నడక వచ్చాక అనుకోవడం మానేశాడు. ఆ పొద్దున కోడికంటే ముందు లేచిన కూతురు, విరిగిన అప్పడం అతికించమని గడియసేపు ఏడ్చింది. గంజి రాసి అతికించాడు. "ఇది కాదు, అది" అంది. కొలువుకు ఒంటికాలి చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడుందో కూతురికే తెలుసు, ఆమె చెప్పదు. తలపాగా అంచున పప్పు ఎండి ఉంది. అది నిన్నటిదో మొన్నటిదో ఓబన్నకే తెలియదు.

పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఓబన్న ఉలిక్కిపడి లేచి, నిద్రమత్తులో నిజం చెప్పేశాడు.

"ఉంది ప్రభూ. మా ఇంట్లోనే ఉంది."

సేనాపతి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

"ఎవరా ద్రోహి?" అన్నాడు రాజు.

"మా లచ్చి ప్రభూ. వచ్చే నెలకు మూడేళ్ళు నిండుతాయి."

సభ గొల్లుమంది. నవ్వనివాడు ఒక్కడే, ఆచార్య వాగీశ్వరుడు. పిల్లల పెంపకం మీద మూడు వందల తాటాకుల గ్రంథం రాసిన పండితుడు. పెళ్ళి చేసుకోలేదు. ఓబన్న కొలువు మీద ఆయనకు ఎప్పట్నుంచో కన్ను.

"ప్రభూ, బెత్తెడు పిల్లను అదుపులో పెట్టలేనివాడు రాజ్యానికి సలహా చెబుతాడా? పైగా కొలువులో గురక! నా గ్రంథంలో సామం, దానం, భేదం, దండం అని నాలుగు అధ్యాయాలున్నాయి. మొదటిదాంతోనే సరి!"

రాజుకు సరదా పుట్టింది. "పిల్లను తీసుకురండి. గడియ గంట కొట్టేలోగా ఆ పిల్ల చేత కంచెడు పప్పన్నం ఎవరు తినిపిస్తే ఓబన్న కొలువు వాళ్ళది!"

ఓబన్న నిద్ర ఎగిరిపోయింది. కంచం పట్టుకుని లచ్చి వెనక తిరిగి తిరిగి అతని భార్య గంగసాని పెరట్లో బండిబాట వేసింది. కొలువు పోతే ఆ కంచంలోకి పప్పు కూడా ఉండదు.

లచ్చి కోసం వెళ్ళేటప్పుడు భటులిద్దరూ నిటారుగా వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒకడి తలపాగా లచ్చి చేతిలో ఉంది. రెండోవాడు లచ్చిని భుజాన ఎక్కించుకుని, ఎందుకో మేకలా అరుస్తున్నాడు.

ముందు రాజే పూనుకున్నాడు. "తిను!" అన్నాడు, పాలెగాణ్ణి వణికించిన గొంతుతో.

"వద్దు," అంది లచ్చి, సింహాసనం మీది సింహం నోట్లో వేలు పెడుతూ.

రాజు గొంతు సవరించుకుని వెనక్కి జరిగాడు. ఆచార్యుడు కంచం అందుకున్నాడు.

"లచ్చమ్మ తల్లీ, బంగారు కొండా, ఒక్క ముద్ద!"

"వద్దు."

దానం కింద దంతపు చిలకను ఇచ్చాడు. తీసుకుంది. "వద్దు."

"నువ్వు తినకపోతే కాకి తినేస్తుంది!"

"కాకికి పెట్టు," అంది లచ్చి దయగా.

ఇక నాలుగో అధ్యాయం. ఆచార్యుడు కళ్ళెర్రజేసి హుంకరించాడు. అంత గుండ్రటి కళ్ళు లచ్చి ఎన్నడూ చూడలేదు. ముచ్చటపడిపోయి, ఒక చెయ్యి పప్పులో ముంచి, ఆ చేత్తోనే ఆయన గడ్డం పట్టుకుని ఊగింది. పట్టు ఉత్తరీయం మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"గ్రంథం అయిపోయినట్టుంది," అన్నాడు సేనాపతి.

గంట కొట్టేవాడు కొయ్యసుత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఓబన్న లేచాడు.

"నా దగ్గర గ్రంథం లేదు ప్రభూ. చిన్న సాయం కావాలి. ఆచార్యులవారు నా ఎదురుగా కూర్చుని నోరు తెరవాలి."

"నేనా?"

"తెరవండి ఆచార్యా," అన్నాడు రాజు.

ఓబన్న లచ్చి వైపు చూడనైనా చూడలేదు. వీపు తిప్పి కూర్చుని, నెయ్యి తగిలించి, నున్నగా ముద్ద చేశాడు.

"ఇది తాత ముద్ద. లచ్చికి లేదు. ఆం!"

ఆచార్యుడు మింగాడు.

"ఇది రాజుగారి ముద్ద. ఇదీ తాతకే. ఆం!"

వెనకాల దంతపు చిలక నేల మీద పడిన చప్పుడైంది.

"నాకు!" అంది లచ్చి.

"నీకొద్దన్నావుగా. పాపం, తాతకు ఆకలి."

"నాకు! తాతకు లేదు!"

లచ్చి ఇద్దరి మధ్యకు దూరి, ఆచార్యుడి మొహం అరచేత్తో పక్కకు నెట్టి, నోరు బార్లా తెరిచింది. ఒక ముద్ద లోపలికి పోయింది. ఓబన్న చెయ్యి ఆచార్యుడి వైపు కదిలినప్పుడల్లా ఇంకో ముద్ద పోయింది.

"ప్రభూ, ఇది శాస్త్రవిరుద్ధ..." అని ఆచార్యుడు నోరు తెరిచాడు. ఆ నోరు చూసి లచ్చి ఇంకా పెద్దగా తెరిచింది.

గంట మోగేసరికి లచ్చి కంచం నాకుతోంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"మోసం!" అన్నాడు ఆచార్యుడు. "పిల్ల ఇతని మాట వినలేదు. ఇతని మీద గెలిచి లాక్కుని తింది!"

ఓబన్న చేతులు జోడించాడు.

"నిజమే ఆచార్యా. మీరు ఆమెను ఓడించబోయారు. నేను రోజూ ఓడేవాణ్ణే కదా, ఇవాళ కంచం చేత పట్టుకుని ఓడాను."

సభ పైకప్పు ఎగిరేలా నవ్వింది. "కొలువు నీదే!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకేం కావాలో కోరుకో."

"నెల రోజులు ఆచార్యులవారిని రెండు పూటలా మా ఇంటికి పంపండి ప్రభూ. మా ఆవిడ నెయ్యి బాగా వేస్తుంది. వారు ఎదురుగా కూర్చుని నోరు తెరిస్తే చాలు."

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చి, తన మెడలోని ముత్యాల హారం తీసి ఓబన్న మెడలో వేశాడు. ఇల్లు చేరేలోగా అది తెగుతుందని ఓబన్నకు తెలుసు. లచ్చి అప్పటికే చంకనెక్కి కూర్చుంది.