తొలిరోజు తిప్ప

ఎఫ్రాయిము కొండల్లో, షిలోహుకు వెళ్ళే పాత బాట పక్కన చిన్న తిప్ప ఒకటుంది. గోపురం లేదు, గంట లేదు. చూడ్డానికి ఏముందని పెదవి విరిచే యాత్రికులు కాసేపు ఆగి ఈ కథ వినాలని మనవి.

పూర్వం ఇక్కడికి దగ్గరి పల్లెలో యాకాను అనే ద్రాక్షతోట రైతు, అతని భార్య అజూబా ఉండేవారు. ఒక కోతకాలంలో యాకానుకు విషజ్వరం వచ్చి మాట పడిపోయింది. ఆయన్ని బతికిస్తే ఏడాదిపాటు నాజీరు వ్రతం చేస్తానని అజూబా దేవునికి మొక్కుకుంది. అది సామాన్యమైన వ్రతం కాదు. తలకు కత్తి తగలకూడదు. ద్రాక్షారసం సంగతి అటుంచి, ద్రాక్ష తొక్క కూడా నోట పెట్టకూడదు. శవాన్ని ముట్టకూడదు. భార్య మొక్కు విన్నరోజే భర్త వద్దంటే అది చెల్లదని వారి ధర్మశాస్త్రం. యాకాను మంచం మీదే విన్నాడు గానీ, వద్దందామంటే నోరు పెగల్లేదు. మొక్కు నిలిచింది.

అతడు కోలుకున్నాడు. ఒంట్లో సత్తువ మాత్రం పూర్తిగా రాలేదు. తోట పనంతా అజూబాయే చూసుకుంది. కళ్ళెదుట గంపలకొద్దీ పళ్ళున్నా ఏడాదంతా ఒక్క ఎండుద్రాక్ష రుచి చూడలేదు. ఆ తల్లి ఓపికకు దండం పెట్టాలి.

గడువు తీరినా, బలి అర్పించేదాకా వ్రతం ముగిసినట్టు కాదు. అందుకని ఆ రోజున దంపతులు బలికి గొర్రెపిల్లను తోలుకుని, షిలోహులో ఆ కాలపు దేవాలయమైన ప్రత్యక్ష గుడారానికి బయలుదేరారు. ఈ తిప్ప దగ్గర ఎవరో బాటసారి చనిపోయి పడి ఉన్నాడు. దిక్కూ మొక్కూ లేదు. పైన గద్దలు తిరుగుతున్నాయి.

"నువ్వు ముందు నడువు. ఇతన్ని నేను పూడ్చి వస్తాను," అన్నాడు యాకాను.

ఎత్తబోయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ కూలబడ్డాడు. దూరంగా నిలబడిన అజూబా గొర్రెపిల్లను పొదకు కట్టేసి వచ్చి, ఆ బాటసారి కాళ్ళు పట్టుకుంది.

గుడారం దగ్గర యాజకుడు జాలిపడ్డాడే గానీ శాస్త్రం దాటలేదు. గడిచిన రోజులు లెక్కకు రావని, ఏడోనాడు తల గొరిగించుకుని, ఎనిమిదోనాడు రెండు గువ్వలను అర్పించి, వ్రతం మొదటినుంచి చేయాలని చెప్పాడు.

ఆ తంతు ముగించుకుని తిరిగివస్తూ, కొత్త సమాధి పక్కనున్న బండ మీద అజూబా కూలబడి ఏడ్చింది.

"మొక్కు చెడింది. ఇక దేవుడు మిమ్మల్ని నాకు ఉంచుతాడో లేదో."

"నా ప్రాణానికి మొక్కిన ఏడాది మళ్ళీ మొదలైందంటే, ఇంకో ఏడాది నన్ను ఉంచక తప్పదుగా," అన్నాడు యాకాను ఆమె పక్కన కూర్చుంటూ. "ఈసారి నేనూ చేస్తాను. ఇవాళ మనిద్దరికీ మొదటిరోజు."

ద్రాక్షతోట రైతు ద్రాక్ష మానేశాడని ఊరంతా నవ్వింది. ఏడాది తిరిగాక ఇద్దరి తలనీలాలూ బలిమాంసం కింద ఒకే మంటలో వేశారు. యాకాను ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు.

నాటినుంచి ఇది తొలిరోజు తిప్ప అయింది. మొక్కు మధ్యలో చెడినవారు నేటికీ ఇక్కడికి వచ్చి ఆ బండ మీద కూర్చుని మళ్ళీ మొదలుపెడతారు. ఎందుకు చెడిందని అడగడం ఇక్కడ ఆచారం కాదు. ఒంటరిగా మొదలుపెట్టనివ్వడం కూడా ఆచారం కాదు. తోడుండి ఆ మొదటిరోజు పాటించినవారి ఇంట దంపతులు కలకాలం కలిసి ఉంటారని నమ్మకం. కనుక మీకు ఏ మొక్కూ లేకపోయినా, బండ మీద ఎవరైనా ఒక్కరే కనిపిస్తే, దయచేసి వెళ్ళి పక్కన కూర్చోండి.