మూట కట్టిన అల్లుడు

ఏరు సముద్రంలో కలిసేచోట, ఆటుకు నీళ్లు తీస్తే అద్దంలా మెరిసే బురదలో, బొరియ తవ్వుకుని ఒండ్రయ్య అనే పురుగు కాపురం. ఒండ్రయ్య అంటే మాటలా! అతను బురద మింగడం మొదలెడితే సముద్రమే జడిసి ఓ అడుగు వెనక్కి వేసేది. అంతటివాడూ ఈమధ్య ఈనెపుల్లలా చిక్కిపోయాడు. కారణం, కడుపులో తిష్ఠ వేసిన నలుసయ్య.

వాడి ఒళ్లంతా కలిపి ఒకే ఒక్క కణం. కాళ్లు లేవు, కళ్లు లేవు. పేగు గోడకి మూతి అంటించి, ఒండ్రయ్య తిన్నదంతా తనే లాగేసేవాడు. పిల్లనివ్వకుండానే ఇల్లరికపుటల్లుడై కూర్చున్నాడు.

"మామా, ఇవాళ బురదలో ఉప్పెక్కువైంది!"

"తేరగా తింటూ వంకలు కూడానా? బయటికి నడవరా! పొద్దున ఉల్లంకి పిట్ట ముక్కు దింపితే, కిందికి జారే ఓపిక లేక తోక కొస పోగొట్టుకున్నాను. రేపు తలకాయే పోతుంది."

"అంతమాట అన్నాక ఉంటానా? నీ పేగులోనే నాకో సంబంధం కుదిరింది. ఆలుమగలం మూట కట్టుకుని పోతాం. గుమ్మందాకా సాగనంపు, చాలు."

అన్నట్టే ఇద్దరూ ఒకరినొకరు చుట్టుకుని గుండ్రటి మూటైపోయారు. ఒండ్రయ్య ఊపిరి బిగబట్టి, విసర్జనతోపాటు ఆ మూటనీ గుమ్మం బయటికి నెట్టాడు. "అమ్మయ్య!" అని అతను విడిచిన నిట్టూర్పుకి రేవులో పడవలన్నీ ఊగాయి. నమ్మనివాళ్లు పడవల్నే అడగండి.

పక్క బొరియలోంచి పీతమ్మ కళ్లు పైకెత్తింది. "ఒండ్రయ్య బావా, ఉత్తి ఒంటితో వచ్చినవాడికి మూటెక్కడిది? దూరంగా తోసెయ్, ఆటుకు కొట్టుకుపోతుంది."

"పోయే అల్లుడి మూట తడిమితే పరువేం కాను? పైగా ఆకలి దంచేస్తోంది."

ఒండ్రయ్య వంశంలో మొదటి ముద్ద గుమ్మం ముందరి బురదే. అది దాటి పోవడం నామోషీ. పీడ పోయిన సంబరంలో కళ్లు మూసుకుని గుమ్మం ముందున్నదంతా మింగేశాడు. గుండ్రంగా ఏదో గొంతు దిగింది.

"ఆహా! ముత్యంలా జారింది!"

కాసేపటికి కడుపులో మూట విచ్చుకుంది. పేగు పొడవునా సన్నటి గొంతులు, సంతలో సందడిలా:

"తాతా! ఉప్పెక్కువైనా నీ ఇంటి వంట బాగుంటుందని మా నాన్న చెప్పాడు!"

అంతలో గుమ్మం మీద ఉల్లంకి నీడ పడింది.

"జారు తాతా, జారు! నువ్వు పోతే మా కొంప మునుగుతుంది!"

ఉన్న ఓపికంతా కూడగట్టుకుని జారాడు. తల దక్కింది, ఇంకాస్త తోక పోయింది. పీతమ్మ తన బొరియలోంచే కేకేసింది:

"బావా! మనవలొచ్చారటగా, బారసాలకి పిలవవూ?"

పీడ పోయిందని పండగ చేసుకునేవాడు ముందు తన విస్తట్లో ఏముందో చూసుకోవాలి.