వాడకుండానే బాగుందన్న నూనె

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాను. చదువు ఐదో తరగతితో సరి. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథ మాత్రం మీ పక్కన కూర్చుని చెప్పినట్టే చెబుతాను.

బొబ్బిలిలో చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే పైడమ్మకు, ఎవరేం చూపించినా ముందూవెనకా చూడకుండా "బాగుంది" అనేసే అలవాటు ఉండేది. చీర మడత విప్పకముందే బాగుంది అనేది. కూర నోట్లో పెట్టుకోకముందే బాగుంది అనేది. కాదంటే ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని ఆమె భయం. నలుగురిలో నోరు విప్పాలంటేనే సిగ్గుపడే మనిషి, ఆ ఒక్క మాటతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

చేతికి ఫోను వచ్చాక ఆ మాట కాస్తా ఫోనులోకి ఎక్కింది. పైడమ్మ కుడుతూ కుడుతూ వీడియోలు చూసేది. ఒకమ్మాయి ముఖానికి రాసే క్రీములు, జుట్టు నూనెలు చూపించి, "వాడినవాళ్లు కింద కామెంటు పెట్టండి అక్కా" అని ముద్దుగా అడిగేది. పాపం అంతగా అడుగుతోంది కదా అని పైడమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుని "బాగుంది" అని పెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో వీడియో కింద "నేను వాడాను, చాలా బాగుంది" అని పెట్టింది. ఐదు లైకులు వచ్చాయి. జుట్టు నూనె వీడియో దగ్గర ఇంకాస్త ధైర్యం చేసింది. "నాకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. ఈ నూనె రాశాక మూడు వారాల్లో మళ్లీ వచ్చింది" అని రాసింది. దానికి నలభై మూడు లైకులు! ఆ వీడియో అమ్మాయే స్వయంగా "థాంక్యూ అక్కా" అంది. ఆ రోజంతా పైడమ్మ కాలు నేల మీద నిలవలేదు. సిగ్గుకొద్దీ తన పేరుకు బదులు మందారపువ్వు బొమ్మ పెట్టుకుంది కనుక, అది రాసిందెవరో వీధిలో ఎవరికీ తెలియదు.

పక్కింటి సరోజిని ఏడాదిపాటు పెద్ద జబ్బుతో ఆసుపత్రి చుట్టూ తిరిగి, అప్పుడే గండం గట్టెక్కింది. ఆ మందులకు తలమీద జుట్టంతా పోయింది. ఇప్పుడిప్పుడే నారుమడిలా మొలకలు వస్తున్నాయి. నెల రోజుల్లో తమ్ముడి పెళ్లి. తలకు గుడ్డ లేకుండా పెళ్లిలో నిలబడాలని ఆమె ఆశ.

ఒక ఉదయం సరోజిని పైడమ్మను ఇంట్లోకి పిలిచి కొత్త సీసా ఒకటి చూపించింది.

"ఇది తెప్పించానక్కా. ఎలా ఉంటుందంటావు?"

"బా..." అనబోయి, అది తను కామెంటు పెట్టిన నూనేనని గుర్తుపట్టి పైడమ్మ ఆగిపోయింది. "నీకెవరు చెప్పారే?"

"వీడియోలో ఆ పిల్ల మాట నేను నమ్మలేదులే. దానికి కంపెనీవాళ్లు ఇస్తారు. కింద ఈవిడ రాసింది చూడు, ఈ మందారపువ్వు ఆవిడ. ఈవిడకి ఎవరిస్తారు? మనలాంటి మనిషే. నాలాగే జుట్టంతా పోయిందట పాపం. చదివి ఏడ్చాను తెలుసా."

పైడమ్మ సీసాను పక్కకు జరిపింది. "డాక్టరుగారిని అడిగావా?"

"తలకి ఏం రాసినా అడిగి రాయమన్నారు. అడిగితే వద్దంటారు! ఆయనేమైనా వాడారా ఏటి? ఈవిడ వాడి చూసింది. తలస్నానం చేసొచ్చి రాసేసుకుంటాను."

పైడమ్మ "పనుంది" అని గొణిగి ఇంటికొచ్చేసింది. ఫాల్ కుట్టడానికి కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కలేదు. చెబితే సరోజిని మళ్లీ తన ముఖం చూస్తుందా? వీధంతా నవ్వదా? చెప్పకపోతే ఆ లేత మాడు ఏమైపోతుంది? పక్కింట్లో చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి అది ఆగిపోయింది. పైడమ్మ చీర అక్కడే పడేసి పరుగెత్తింది.

సరోజిని అప్పటికే అరచేతిలో నూనె పోసుకుని ఉంది.

"ఆగవే! రాయకు! ఆ మందారపువ్వు నేనే!"

"ఏటక్కా?"

"నేనేనమ్మా. ఆ సీసాని కంటితో చూడడం కూడా ఇవాళే మొదలు. నాకు జుట్టూ రాలలేదు, ఏమీ లేదు. లైకులొస్తాయని రాశాను."

సరోజిని పైడమ్మ కొప్పు వంక చూసింది. "దానికి నేను ఏడ్చానక్కా" అంది.

పైడమ్మ తల దించుకుంది. తరువాత చటుక్కున సరోజిని చెయ్యి పట్టుకుని, ఆ అరచేతిలోని నూనెను తన ముంజేతికి పామేసుకుంది.

"అదేం పని?"

"వాడానని రాశాను కదా. ఇప్పుడైనా వాడనీ."

అంత కోపంలోనూ సరోజినికి నవ్వొచ్చింది. "చేతి మీద జుట్టు మొలిస్తే నాకు సంబంధం లేదు" అంది.

జుట్టు మొలవలేదు, దద్దుర్లు మొలిచాయి. కాసేపటికే ముంజేయి ఎర్రగా పొంగి మండసాగింది. సరోజిని ఆ చెయ్యి చూసి తన తల తడుముకుంది. "నా మాడు మీదైతేనా..." అని ఆపేసి, తడిగుడ్డ తెచ్చి చుట్టింది. సీసాను బయట చెత్తబుట్టలో పడేసి వచ్చాక గానీ ఇద్దరికీ ఊపిరి తిరగలేదు. "ఇంకా టీ తాగలేదు కదా, కూర్చో" అంది సరోజిని. ఆ మాటతో పైడమ్మ గుండె మీది బండ దిగిపోయింది.

మర్నాడు తెల్లారగానే పైడమ్మ గుడ్డ విప్పి చూసుకుంది. మంట తగ్గింది. పొయ్యి ముట్టించకముందే ఫోను తీసి, వాడని వస్తువుల కింద తను పెట్టిన మాటలన్నీ వెతికి వెతికి తీసేసింది. నూనె దగ్గర మాత్రం కొత్తగా రాసింది: "నేను పైడమ్మను, మాది బొబ్బిలి. ఈ నూనెతో జుట్టు వచ్చిందని మొదట రాసింది అబద్ధం. ఈ నూనె నిన్ననే వాడాను, చేతి మీద. దద్దుర్లు వచ్చాయి. ఒంట్లో బాగోనివాళ్లు డాక్టరుని అడగకుండా రాయకండి." ఒక్క లైకూ రాలేదు. పైడమ్మ దానికోసం చూడనూ లేదు. ఫోను బోర్లించి, నిన్న వదిలేసిన చీర ఒళ్లోకి తీసుకుంది.

మనం మొహమాటానికి అనేసిన మాటను ఎక్కడో ఎవరో నమ్మి తమ ఒంటికి రాసుకుంటారు. అందుకే వాడి చూడని వస్తువును బాగుందని ఎన్నడూ చెప్పకూడదు.