మంత్రిగారి ఒంటిమీద తువ్వాలు

ఆ రోజు కొలువుకి మంత్రి భీమనాథుడు ఒక్క తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. రాజుగారికి ఏమీ అర్థం కాలేదు.

"చాకలి పోలమ్మ నా బట్టలన్నీ పోగొట్టింది ప్రభూ! కొరడాతో కొట్టించండి," అన్నాడు మంత్రి.

రాజు పిలిపించగా పోలమ్మ వచ్చి చేతులు జోడించింది. "బట్టలకి నేను జీడిగింజ రసంతో వేసే చుక్కల గుర్తులు మొరటుగా ఉన్నాయని వారే మాన్పించారు మారాజా. ఒక్కో బట్టకీ ఒక్కో తాటాకు కట్టించి, మనిషి పేరూ ఇల్లూ అందులోనే ఎక్కించారు. ఆకులో ఉన్న ఇంటికే చేర్చమన్నారు, చేర్చాను. తలపాగా కోట వీధికి, పంచె తోట ఇంటికి, కండువా మామగారింటికి వెళ్ళాయి."

"ఆయన ఉండేది ఏటి ఒడ్డున కదా?" రాజు ఇంకా తికమకపడ్డాడు.

"ఏ బట్టకి ఆకు రాయించిన నాటికి ఎక్కడుంటే దానికి ఆ ఇల్లే రాయించారు దొరా. వారు ఇల్లు మారిన సంగతి ఆకులకి తెలీదు. నా గుర్తు మనిషికి. మూడు చుక్కలంటే మంత్రిగారు. ఇల్లెక్కడో నా బుర్రలో ఒక్కచోటే ఉంటుంది, మారితే అక్కడే మార్చుకుంటాను."

"ఆకులన్నీ ఇప్పుడే దిద్దిస్తాను!" అరిచాడు మంత్రి.

"దిద్దించండి బాబూ. ఆ తువ్వాలుకి మాత్రం ఆకు రాయడం మరిచారు. అందుకే మీ ఇంటికి చేరింది. కొసన నా మూడు చుక్కలున్నాయి, చూసుకోండి."