రేవులో గాలి, కళ్లంలో గాలి

ఒక రాజ్యంలో ఏటి రేవుకు చిదంబరయ్య గుత్తేదారు. పడవ ఒక పూట ఆలస్యమైతే ఎక్కాల్సినవాళ్ల నష్టం అతనే కట్టాలని రాజుగారి శాసనం. గాలివాన లాంటి దైవికమైతే మాత్రం అక్కర్లేదు. అందుకని అతని పడవ ఎప్పుడు ఆలస్యమైనా కారణం గాలే.

ఒకనాడు పొద్దుటి పడవ సాయంత్రం దాకా కదల్లేదు. అవతలి ఒడ్డున పెళ్లికి పైడమ్మ మోసుకెళ్తున్న తమలపాకులు బుట్టెడూ వాడిపోయాయి. మర్నాడు ఆమె దివాను ముందు నిలబడింది.

“పొద్దుటినుంచీ ఒకటే గాలండీ. తెడ్డు వేయనివ్వలేదు,” అన్నాడు చిదంబరయ్య.

“నాకో సందేహం బాబూ,” అంది పైడమ్మ. “రేవు పక్కనే ఈ అయ్యగారి కళ్లం. నిన్న మా ఆయనతో కలిపి నలభై మంది ధాన్యం తూర్పారబట్టడానికి చేటలు పట్టుకుని వెళ్లారు. గాలి లేదు, పని లేదు, కూలీ లేదు పొమ్మన్నారట. రేవులో అంత గాలి వీస్తుంటే, పది అడుగుల అవతల ఆకు కూడా కదలకపోవడం ఎలాగో తెలుసుకుందామని వచ్చాను.”

దివానుకూ తెలుసుకోవాలనిపించింది. “చెప్పవయ్యా. గాలి ఉందంటే నలభై మందికీ కూలి ఇయ్యి. లేదంటే పడవ కోసం కూర్చున్న తొమ్మిది మందికీ నష్టం కట్టు.”

చిదంబరయ్య మనసులో లెక్క వేసుకుని, “లేదండీ,” అన్నాడు.

ఇకమీదట గాలి పేరు చెప్పాలంటే ముందు రేవులో గుప్పెడు ఊక ఎగరేసి చూపించాలని దివాను కట్టడి చేశాడు. ఆ పని పైడమ్మ మొగుడికి అప్పగించాడు. ఊక ఎగిరినా ఎగరకపోయినా అతనికి రోజుకూలి ఇచ్చుకోవలసింది చిదంబరయ్యే.