ఒండ్రు ఎవరిది?

ఏటి ఒడ్డున మణిగిరి అనే ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గజసింహుడికి పండితులంటే గౌరవం. తనకు అర్థం కాని మాటలు చెప్పే పండితులంటే మరీ గౌరవం.

ఒక ఏడు వరద తీశాక ఏటి నడుమ లంకలో మోకాలి లోతు ఒండ్రు మేట వేసింది. లంక రైతులు ఆ మెత్తటి మట్టిలో జొన్నలు, అనుములు చల్లారు. పైరు నిలువెత్తు పెరిగింది. పడవలో షికారు వెళ్లిన రాజుగారు ఆ పచ్చదనం చూసి అక్కడ విహారవనం వేయించాలనుకున్నాడు. కాని తరతరాలుగా దున్నుకుంటున్న వాళ్లను ఏమని వెళ్లగొట్టడం?

ఆస్థాన పండితుడు శబ్దకేసరి అనంతశాస్త్రి ఒక పాత తాటాకు గ్రంథం పట్టుకొచ్చాడు.

"ప్రభూ, ఒండ్రును పూర్వులు 'జలోఢం' అన్నారు. అంటే నీళ్లు మోసుకొచ్చినది. మోసుకొచ్చిన సొత్తు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడివారిదే. ఈ ఒండ్రు తమ కొండల మీదినుంచి వచ్చింది. కనుక లంక తమదే!"

రాజు పొంగిపోయాడు. మూడు రోజుల్లో లంక ఖాళీ చేయాలని ఉత్తర్వు వెళ్లింది.

మర్నాడు నూకాలమ్మ అనే లంక రైతు సభకు వచ్చింది.

"మారాజా, జొన్న పాలు పోసుకుంటోంది. ఆ నేల మా తాత..."

"జలోఢమంటే తెలుసునా నీకు?" శాస్త్రి గద్దించాడు. "తెలియనప్పుడు నోరు మూసుకో!"

సభంతా గొల్లున నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, రాజుగారిని నవ్వించడమే పనిగా ఉన్న కాచన. అతని ముఖం కందగడ్డలా అయింది.

"ప్రభూ, ఈ విద్య నేనూ నేర్చుకుంటాను. రేపటిదాకా గడువివ్వండి" అన్నాడు. బయటికి వచ్చాక నూకాలమ్మతో, "రేపు నువ్వూ రా అమ్మా" అని చెప్పాడు.

మర్నాడు కాచన గంపెడు మట్టి తెచ్చి శాస్త్రి ముందు దించాడు. "ఇదేం మట్టో సెలవివ్వండి."

శాస్త్రి గుప్పెడు తీసి నలిపి చూశాడు. "నున్నటి నల్ల గులకరాళ్లు, అభ్రకం మెరుపు. ఎగువనున్న నల్లకోట రాజ్యపు కొండల మట్టి. అచ్చమైన జలోఢం."

"సందేహం లేదు కదా?"

"శబ్దకేసరికి సందేహమా!"

"అయితే ఆ మాటే రాసి చేవ్రాలు పెట్టండి."

శాస్త్రి దర్జాగా రాసిచ్చాడు. కాచన ఆ ఆకు చుట్టి, "వార్తాహరుడు ఎక్కడ? దీన్ని నల్లకోట రాజుకు పంపాలి" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు గజసింహుడు.

"ఈ మట్టి తమ సింహాసనం వెనకగోడ పునాదిలోంచి తవ్వి తెచ్చాను ప్రభూ. ఈ కోట పాత ఏటి మేట మీదే కట్టారు. శాస్త్రిగారి న్యాయం ప్రకారం కోట నల్లకోట రాజుది. మూడు రోజుల్లో ఖాళీ చేయాలి. మూటలు సర్దించమంటారా?"

రాజు దిగ్గున లేచాడు. "ఏమిటా ప్రేలాపన! ఇది మా తాత కట్టించిన కోట! మట్టి ఎక్కడినుంచి వస్తేనేం?"

"ఆ ముక్కే నిన్న నూకాలమ్మ చెప్పబోయింది. సభంతా నవ్వింది. ఆమె తాతా ఆ లంకలో తుప్పలు కొట్టాడు ప్రభూ. ఆయన చెమటకు శాస్త్రంలో పేరు లేదా?"

శాస్త్రి గబగబా ఆకులు తిరగేస్తూ, "ఆ పదానికి... ఇంకో అర్థం కూడా..." అని గొణిగాడు.

అది విని రాజుకు నవ్వు ఆగలేదు. తన తెలివితక్కువతనానికి సిగ్గుపడుతూనే పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి కాచనకు చాపాడు.

కాచన చెయ్యి చాపలేదు. "ముందు ఉత్తర్వు."

రాజు ఉత్తర్వు తెప్పించి తన చేత్తోనే చించేశాడు. తర్వాత నూకాలమ్మ వైపు తిరిగి, "జలోఢమంటే ఏమిటో నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

"ఆ పేరు నాకు తెలీదు మారాజా. ఏరు తెచ్చినప్పుడు అది బురద. మేం ముళ్లు ఏరి, మోళ్లు పెకలించి, దున్నాకే పొలం."

రాజు ఆ మాటలే శాస్త్రి చేత గ్రంథంలో రాయించి, అప్పుడు కాచన మెడలో హారం వేశాడు. నూకాలమ్మ మాత్రం అది చూడటానికి ఆగలేదు. చేను మీద పిట్టలు వాలే వేళయిందని పడవ రేవుకు వెళ్లిపోయింది.