పనికిరాని శాల తాళంచెవి

కొండలు దిగి ఏరు మైదానంలో మలుపు తిరిగే చోట, వెనకటికి ఒక రాజ్యం ఉండేది. దాని రాజు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడు కాడు. తన గొప్ప తానే మరిచిపోతానేమోనని మాత్రం ఆయనకు భయం. అందుకే భోజనానికి వెళ్ళినా ముందు ఇద్దరు బిరుదులు చదువుతూ నడిచేవారు, పక్కన ఒకడు పెద్ద తెల్లగొడుగు పట్టేవాడు. ఇంటి కప్పు కింద గొడుగెందుకని అడగగల మనిషి ఆ కొలువులో ఒక్కడే ఉన్నాడు. అతని పేరు నూకయ. ఉప్పు బండ్లు తోలుకునే ఇంట్లో పుట్టి, నోటి చలవతోనే కొలువుదాకా ఎక్కివచ్చినవాడు.

ఆ ఊళ్ళో ఒక విద్యాపీఠం ఉంది. పదకొండు శాలలు. వైద్యం, లెక్కలు, కోటలు కట్టడం లాంటివి కొన్ని. నక్షత్రాలు చూడటం, పాత శాసనాలు చదవడం, కొండవాళ్ళ భాష నేర్వడం లాంటివి కొన్ని.

ఒకనాడు రాజుకు ఆలోచన వచ్చింది. ఏ చదువు పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చి పారేయాలనుకున్నాడు. వీధివీధికీ మనుషులను పంపి, మీ పిల్లలకు ఏ చదువు చెప్పిస్తారని అడిగించాడు. జనం ఏం చెబుతారు? వైద్యం అన్నారు, లెక్కలు అన్నారు. కొండభాష మాట ఎత్తితే, కోతులతో మాట్లాడటానికా అని నవ్వారు.

ఆ నవ్విన వాళ్ళను నేను తప్పుపట్టను. ఎండలో ఒళ్ళు వంచి బతికే వాళ్ళకు నీడపట్టున కూర్చోబెట్టే చదువే చదువులా కనిపిస్తుంది. అది వాళ్ళ పాపం కాదు, వాళ్ళ వీపు మీది ఎండ. తప్పంతా ఆ మాట పట్టుకుని తలుపులు మూసినవాళ్ళది.

ఉద్దండవర్మ మూసేశాడు. అయిదు శాలల గుమ్మాల మీద ‘పనికొచ్చే చదువు’ అని రాగిరేకులు కొట్టించాడు. మిగిలిన ఆరింటి మీద ‘పనికిరాని చదువు’ అని కొట్టించి, తన చేత్తో తాళాలు వేసి, శత్రువు కోట గెలిచినంత ఠీవిగా ఆ తాళంచెవుల గుత్తి మొలలో దోపుకున్నాడు.

కొండభాష శాలలో అప్పటికి మిగిలింది ఒక ముసలి పంతులు, పోలమ్మ అనే పందొమ్మిదేళ్ళ పిల్ల. పోలమ్మ తండ్రి కొండలకు ఉప్పు మోసే మనిషి. అక్కడి వాళ్ళ మాట సరిగా తెలియక, తూకంలో మోసం చేశాడని ఒకసారి అతన్ని కట్టేసి కొట్టారు. తన బిడ్డ ఆ భాష నేర్చుకుంటే ఇంకెవరూ అలా దెబ్బలు తినరని, ఉన్న రెండెడ్లలో ఒకదాన్ని అమ్మి పిల్లను శాలలో చేర్చాడు. ఇప్పుడు తలుపుకు తాళం. లెక్కల శాలలో చేరమన్నారు గానీ అక్కడ చాప వేసుకునే చోటు కూడా లేదు. ఆ పిల్ల ఊరికి వెళ్ళి తండ్రికి ఏమని చెబుతుంది? ఎద్దు పోయింది, చదువూ పోయింది అనా?

ఏం చేయాలో తోచక నూకయ దగ్గరకు వచ్చి నిలబడింది. ఏడవలేదు. “బాబాయ్, ఇంకొక్క ఏడాది ఉంటే మొత్తం నిఘంటువు పూర్తయ్యేది. పంతులుగారికి కళ్ళు ఆనటం లేదు. నేను రాయకపోతే ఇంక రాసేవాళ్ళు లేరు” అంది.

 నూకయకు కోటలోని సంగతి ఒకటి తెలుసు.

రాజుగారి తల్లికి డెబ్బై అయిదేళ్ళు. వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గింది గానీ, తగ్గాక ఆమె మాట మారిపోయింది. ఏదేదో అంటుంది, ఎవరికీ అర్థం కాదు. గిన్నె దగ్గరకు తెస్తే తోసేస్తుంది. కొడుకు చూడటానికి వస్తే చాలు, చేయి ఊపుతూ గట్టిగా అరిచి ఏడుస్తుంది. పెద్ద వైద్యుడు నాడి చూసి ఇది వాతం, ఆ మాటలు ఉత్త ప్రలాపం అని చెప్పి లేహ్యాల మీద లేహ్యాలు పెడుతున్నాడు. రాజు తల్లికి పిచ్చి పట్టిందని బెంగపడి, రావడం తగ్గించాడు.

నూకయ ఒకసారి ఆ గది కిటికీ పక్కనుంచి పోతూ ఆ మాటలు విన్నాడు. అందులో ఒకటి ‘ఉప్పు’ అనే మాట. తన తండ్రి కొండ సంతలో అరిచిన మాటే. అతనికి అయిదారు కొండమాటలు మించి రావు, కానీ అది పిచ్చి కాదని అర్థమైంది. ఆమె కొండదొరల ఇంటి ఆడపడుచు. కోడలిగా వచ్చిన రోజునే ఆ భాష ఈ కోటలో వినపడకూడదని అత్తగారు ఆజ్ఞ పెట్టింది. అరవై ఏళ్ళు నోరు మూసుకుంది. ఇప్పుడు జ్వరం వచ్చి, మధ్యలో నేర్చినదంతా కొట్టుకుపోయి, పుట్టింటి మాట ఒక్కటే మిగిలింది.

ఈ మాట తిన్నగా వెళ్ళి రాజుకు చెబితే ఏమవుతుంది? సూర్యచంద్రుల దాకా వంశం చదివించుకునే రాజు, మా అమ్మ కొండమాట మాట్లాడుతుందా అని నాలుక కోయిస్తాడు.

కాబట్టి నూకయ మర్నాడు కొలువులో చాలా వినయంగా మనవి చేసుకున్నాడు. ఏలినవారు మూయించిన శాలలో ఒక ఆడపిల్ల ఉంది, చదివిన చదువు ఎలాగూ దేనికీ పనికిరాదు, కనీసం అమ్మగారి గదిలో విసనకర్ర ఊపడానికైనా పెట్టుకుంటే పుణ్యం అన్నాడు. రాజు సంతోషపడ్డాడు. చదువు మానగానే ఎలా పనికొచ్చిందో చూశారా అని సభకు చెప్పాడు. సభ తలూపింది. దాని పని అదే కదా.

పోలమ్మ విసనకర్ర తీసుకుని వెళ్ళింది. మొదటిరోజు మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, ముసలావిడ ఏదో గొణిగితే ఆ పిల్ల మెల్లగా జవాబు చెప్పింది. రాజమాత తల తిప్పి చూసింది. ఇంకోమాట అంది. దానికీ జవాబు వచ్చింది. అప్పుడా పెద్దావిడ పోలమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, దాన్ని తన గడ్డం కింద పెట్టుకుని, సాయంత్రం దాకా వదల్లేదు.

జావలో ఉప్పు లేదనే అన్నాళ్ళూ గిన్నె తోసేసిందట. వైద్యుడు ఉప్పు మాన్పించాడు. పోలమ్మ చిటికెడు వేసింది. తాగింది. నాలుగు రోజులకు నిద్రపట్టింది. ఆరో రోజు గదిలోంచి నవ్వు వినిపించింది. పెద్ద వైద్యుడు అది తన ఏడో లేహ్యం మహిమ అని చెప్పుకున్నాడు. రాజు నిండు కొలువులో ఆయన చేతికి బంగారు కడియం తొడిగాడు.

నూకయ కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టి, లేహ్యం ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు ఆ విసనకర్ర పిల్లతో ఇంక పనేముంది, పంపించేద్దామా అన్నాడు. సరేనన్నాడు రాజు.

పోలమ్మ ఒప్పుకోలేదు. అవ్వ తన కోసం చూస్తుంది, అన్నం మానేస్తుంది అని నూకయతో వాదించింది. ఒక్క పూట చాలు తల్లీ అని అతను బతిమాలాడు. సాయంత్రానికి వస్తానని అవ్వకు పదిసార్లు చెప్పి వెళ్ళింది పోలమ్మ. పెద్దావిడ పదిసార్లూ తలూపి, పదకొండోసారికి మరిచిపోయింది. ఆ పూట నూకయ కూడా అన్నం ముట్టలేదు. ముసలి ప్రాణంతో ఆడుకున్నానే అన్న బాధ అతన్ని తినేసింది.

మధ్యాహ్నానికి గిన్నె మళ్ళీ నేలపాలైంది. ఏడో లేహ్యం వైద్యుడి జరీ కండువా మీద పడింది. రాజు గొడుగుతో, బిరుదులతో పరుగున వచ్చాడు. ఆమె మునుపటిలాగే చేయి ఊపి అరిచి ఏడ్చింది. వైద్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు బయటికి వచ్చి నూకయ భుజం పట్టుకున్నాడు. 

“నిన్నటిదాకా బాగానే ఉంది కదయ్యా. ఏ మందు ఇచ్చారో కనుక్కో. ఎంత దూరాన ఉన్నా తెప్పిస్తాను.”

“దూరం లేదు ప్రభూ. ఆ మందు ఉన్న గదికి తాళం పడింది. తాళంచెవి ఏలినవారి మొలలోనే ఉంది” అన్నాడు నూకయ.

రాజు తడుముకున్నాడు. అప్పటికప్పుడు నడిచి విద్యాపీఠానికి వెళ్ళి, తాళం తీసి కొండభాష శాల తలుపు తోశాడు. లోపల తాటాకు కట్టలు తప్ప ఏమీ లేవు. బయట అరుగు మీద చూపు ఆనని పంతులు, ఆయన పక్కన గంటం పట్టుకుని పోలమ్మ.

ఎగతాళి చేస్తున్నావా అని రాజు మండిపడ్డాడు.  తమరు వెళ్ళినప్పుడల్లా అమ్మగారు ఏమని అరుస్తున్నారో ఈ పిల్లను అడగండి, ఆ తరువాత నన్ను ఏం చేసినా సరే అన్నాడు నూకయ.

పోలమ్మ భయపడింది. పంతులు ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

“అమ్మగారు మాట్లాడేది వాళ్ళ పుట్టింటి భాష మహారాజా. పిచ్చి కాదు. తమరు వచ్చినప్పుడు అనేది ఒకటే మాట. ఆ గొడుగాయన్ని పక్కకు తప్పుకోమనండి, వాడి వెనక నా కొడుకు నిలబడి ఉంటాడు, పిలవందే రాడు, చిన్నప్పటి నుంచీ వాడికి బిడియం, అంటారు.”

 బిరుదులు చదివేవాళ్ళు నేలచూపులు చూశారు. రాజు గొడుగు పట్టేవాడిని ఇంటికి పొమ్మన్నాడు. ఒక్కడే కోటకు నడిచి వెళ్ళాడు. పోలమ్మ నాలుగడుగుల వెనక నడిచింది.

ఆ రోజు తల్లి కొడుకును గుర్తుపట్టింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చిక్కిపోయావంది. నిజానికి ఉద్దండవర్మ బాగా బలిసి ఉన్నాడు.

మర్నాడు కొలువులో రాజు, కొండభాష శాల మీద కూడా ‘పనికొచ్చే చదువు’ అని రేకు కొట్టించమన్నాడు. అందరూ జయజయధ్వానాలు చేశారు. నూకయ ఒక్కడే వద్దన్నాడు.

“అలా రాస్తే, అమ్మగారు లేని నాడు మళ్ళీ చెరిపించాలి ప్రభూ.”

 మరి ఏం రాయమంటావని రాజు అడిగాడు, కోపం లేకుండానే.

“ఈ శాల మూసిననాడు, దీనితో తమకు ఇంత పని ఉందని తెలుసా?”

“తెలియదు.”

“మూసిన వాటిలో మిగిలిన అయిదింటితో ఎవరికి, ఎప్పుడు, ఏం పని పడుతుందో తెలుసా?”

రాజు తల అడ్డంగా ఊపాడు.

“తెలియని సంగతి రాగి మీద ఎందుకు చెక్కించడం? ఆ రేకులన్నీ కరిగించి చెంబులు పోయించండి. చదువుకునే పిల్లలు దాహం తీర్చుకుంటారు.”

పదకొండు రేకులూ ఊడదీశారు. ఆరు తలుపులూ తెరిచారు. పోలమ్మ నిఘంటువు మళ్ళీ మొదలైంది.

అక్కడితో అయిపోతే బాగుండేది గానీ, రాజుకు ఇంకో కోరిక పుట్టింది. తల్లితో తనే మాట్లాడాలని. రోజూ పొద్దున్నే శాలకు వచ్చి చాప మీద కూర్చునేవాడు. నాలుక తిరిగేది కాదు. తన బిరుదులన్నీ నిద్రలో చెప్పగల మనిషికి, ‘అమ్మా, నేను వచ్చాను, నీ పక్కన కూర్చోనా’ అనే ఒక్క మాట పట్టుబడటానికి పన్నెండు రోజులు పట్టింది.

పదమూడో రోజు తల్లి దగ్గరకు వెళ్ళి, చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. ఆ రోజు ఆమెకు కొడుకు గుర్తులేడు. శ్రద్ధగా విన్నది. మళ్ళీ చెప్పమంది. ఒకచోట తప్పు దిద్దింది. పక్కకు జరిగి చోటిచ్చి కూర్చోబెట్టుకుంది. తరువాత పోలమ్మ వైపు వంగి ఏదో అంది. పోలమ్మ పెదవులు బిగించుకుంది. గుమ్మంలో నిలబడ్డ నూకయ గోడకేసి తిరిగాడు.

ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు రాజు.

“ఈ అబ్బాయికి చదువు అంత తేలిగ్గా వచ్చేటట్టు లేదు, అయినా సరే బడి మాన్పించొద్దు అంటున్నారు మహారాజా.”

ఉద్దండవర్మ నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా తల్లి కూడా నవ్వింది. అతను లేచి భుజం మీది పట్టుశాలువా తీసి నూకయకు కప్పాడు, తిరిగివచ్చి పోలమ్మ తండ్రికి జత ఎడ్లు తోలించమని చెప్పాడు. మర్నాడు పొద్దున, అందరికంటే ముందు, శాలకు వెళ్ళాడు.